కాఫీయా మీరు తాగేది?

మా పెద్దమ్మాయి కాపురం ఫిన్లాండులోని ఎస్పోలో. వెళ్ళిన కొత్తలో పక్కింటి పెద్దావిడ వస్తే, అప్పుడప్పుడే నేర్చుకుంటున్న ఫిన్నిష్‌లో ‘కహ్వియకొ యువొత్తె?’ అని అడిగిందట. ఆవిడ కాస్త తడబడి, ‘పోనీ, టీ అయినా ఫర్వాలేదు’ అందట. ఇంకోసారి రాలేదు. పిల్ల ఎంత బాధపడిందో!

భాష నేర్పే పంతులమ్మగారు చెప్పాక తెలిసింది. ఆ ‘కొ’ మన ‘తాగుతారా’లోని దీర్ఘం లాంటిది. క్రియకు తగిలించి ‘యువొత్తెకొ కహ్వియ?’ అంటే ‘కాఫీ తాగుతారా?’ అని మర్యాద. కాఫీకి తగిలించి ముందుకు తెస్తే ‘కాఫీయా మీరు తాగేది?’ అన్నట్టు! మనింట్లో అలా అడిగితే ఏ వియ్యపురాలు కూర్చుంటుంది చెప్పండి?

ఇంకో తమాషా. ‘కహ్వియ’ అంటే కొంత కాఫీ; ‘కహ్విన్’ అంటే ఆ కప్పు కాఫీ మొత్తం. ‘తాగాను’, ‘తాగేశాను’ అని మనం క్రియలో చూపించే తేడాని వాళ్ళు కాఫీ అన్న మాట చివరే చూపిస్తారు. ‘దయచేసి’ అన్నదానికి వాళ్ళకి విడిగా మాటే లేదట. ఆ మాటకొస్తే, ఇంట్లో మనం మాత్రం అంటామా?

మర్నాడే అమ్మాయి ఆవిడ తలుపు తట్టి, ‘కొ’ని క్రియకే తగిలించి పిలిచింది. ఆవిడ వచ్చి రెండు కప్పులు తాగి వెళ్ళిందట.