ఏర్పాటును నిశ్చయతయు



ఒకసారి రక్షింపబడినవాడు మరల నశింపగలడా? యోహాను సువార్త పదియవ అధ్యాయమును చదివినవారు నశింపడని ధైర్యము చెప్పుదురు. హెబ్రీ పత్రిక ఆరవ అధ్యాయమును చదివినవారు వణకుదురు. మన దక్షిణదేశపు శ్రీవైష్ణవులును మార్జాలకిశోర న్యాయము, మర్కటకిశోర న్యాయమని యిట్టి భేదమునే చర్చించిరి. పిల్లి తన కూనను తానే నోట గఱచికొని పోవును. కోతిపిల్లయో తల్లిని తానే పట్టుకొనవలెను.

హాలెండు దేశమున ఆర్మీనియసు పండితుడు 1609లో మరణింపగా, మఱుసటి యేట నాతని పక్షమువారు అయిదంశముల విన్నపమొకటి సమర్పించిరి. విశ్వసించువారినే దేవుడు ఏర్పరచుకొనెనని వారి వాదము. విశ్వాసి తుదకు తప్పిపోవునా యను సంగతిని మాత్రము లేఖనములనుండి యింకను పరిశోధింపవలెనని విడిచిపెట్టిరి. 1618-19లో డోర్టు పట్టణమున గూడిన మహాసభ ఆ విన్నపమును త్రోసివేసి, విశ్వాసము ఏర్పాటునకు ఫలమే గాని కారణము గాదనియు, తానేర్పరచుకొన్నవారిని దేవుడు కడవఱకు గాపాడుననియు తీర్మానించెను. పిదప సుమారు 200 మంది బోధకులు పదవులు గోల్పోయిరి. తీర్మానమును మెచ్చుకొనువాడనైనను ఈ శిక్షను నేను మెచ్చజాలను.

ఆ తీర్మానములలో వాదప్రియులు తఱచుగా దాటిపోవు భాగమొకటి కలదు. సజీవ విశ్వాసము తమలో నింకను స్పష్టముగా గానరానివారు భ్రష్టులలో తమ్ము జేర్చుకొనరాదనియు, వాక్యమును ప్రార్థనను విడువక కనిపెట్టవలెననియు అందు వ్రాసిరి. శైశవముననే మరణించిన బిడ్డల రక్షణనుగూర్చి భక్తులగు తల్లిదండ్రులు సందేహింపరాదనియు వ్రాసిరి. శిశుమరణములు మెండైన ఆ కాలమున నిది చిన్నమాట గాదు.

ఈ యోదార్పు అందని వాడొకడు ఆంగ్లకవి విలియం కూపరు. 1763లో మతి చెదరి వైద్యశాల జేరెను. మఱుసటి యేట నచ్చటనే రోమా పత్రిక చదువుచు శాంతి పొందెను. తరువాత ఓల్నీ యను నూర జాన్ న్యూటను బోధకునితో గలసి కీర్తనలు రచించెను. 1773లో నొక భయంకర స్వప్నము గని, దేవుడు తన్ను విసర్జించెనని నమ్మి, నాటినుండి గుడికి బోవుట మానెను. పరిశుద్ధులెవ్వరును నశింపరని యాతని మతము. తానొక్కడే దానికి మినహాయింపని యాతని నమ్మకము! ఏర్పాటు సిద్ధాంతమే యాతనిని చెఱచెనని కొందఱందురు. నేనట్లు తలపను. వ్యాధి మొదట వచ్చినది. సిద్ధాంతమునుండి మాటలు మాత్రమే యెరవు దెచ్చుకొన్నది. అట్టివానిని నీలో ఫలములు వెదకుకొమ్మనుట క్రూరము. క్రీస్తే మన యేర్పాటునకు అద్దమని కాల్విను చెప్పినది యిట్టివారికే తగును. కాని యా యద్దమును గూడ మఱియొకడు పట్టి చూపవలసివచ్చును.

న్యూటను ఆ వ్యాధిగ్రస్తుని తన యింటనే యేడాదికి పైగా నుంచుకొని కాచెను. కూపరు 1800లో ఆ నిరాశతోనే కన్నుమూసెను. అప్పుడు న్యూటను స్మారక ప్రసంగము చేసి, తన మిత్రుడు ప్రభువునొద్దకే చేరెనను నమ్మకమును వెల్లడించెను.