పసిగుడ్డు ఊపిరి లెక్క



పుష్యమాసం చలిలో మా అక్కకు ఇంట్లోనే కాన్పయింది. బిడ్డకు వెంటనే స్నానం చేయించారు, ముర్రుపాలు పిండి పారబోశారు. మూడోరోజుకి పాలు మానేశాడు, ఒళ్లు చల్లబడింది. డోలీ రోడ్డెక్కేలోపే పోయాడు. అప్పటికి నేను టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నాను. ఇదేదీ నాకు తెలీదు.

కాన్పు ఆస్పత్రిలోనే చేయించాలి. ఎక్కడైనా సరే, బిడ్డను పొడిగా తుడిచి తల్లి గుండెలకు ఆనించి కప్పాలి. గంటలోపే ముర్రుపాలు పట్టాలి. స్నానానికి 24 గంటలైనా ఆగాలి. బొడ్డుకు పసుపు, బూడిద వద్దు. అమ్మమ్మలతో పోట్లాడకండి, నచ్చజెప్పండి.

మగపిల్లలూ, మీకూ పనుంది. చేతిలో ఫోన్ ఉందిగా. బిడ్డ నిద్రపోతున్నప్పుడు పొట్ట కదలిక చూస్తూ నిమిషం పూర్తిగా ఊపిరి లెక్కపెట్టండి. 60 గానీ ఆపైన గానీ వస్తే మళ్లీ లెక్కించండి. అప్పుడూ అంతే ఉన్నా, డొక్కలెగరేస్తున్నా, పాలు తాగకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ ఏ గుట్ట మీద దొరుకుతుందో నాకంటే మీకే బాగా తెలుసు.