క్రైస్తవ విశ్వవిద్యాలయములో వ్యాపార విద్య

మన పల్లెలలో ధాన్యము కొలుచువారు మొదటి కుంచమును "ఒకటి" అనరు. "లాభము" అని కొలత ప్రారంభింతురు. ఆ తరువాతనే రెండు, మూడు. వ్యాపారమునకు లాభమే మొదలని మన పెద్దల భావము. కాని ఆ లాభమును ఏ విధముగా ఆర్జింపవలెనో కొలతలో చెప్పరు. అది ఇంటిలో నేర్వవలసినదా, అంగడిలో నేర్వవలసినదా, కళాశాలలో నేర్వవలసినదా? ఈ ప్రశ్న మాకు ఊరక తోచినది కాదు; ఒక తండ్రి మా ఎదుట ఉంచినది.

ఆయన కృష్ణాతీరమున ఒక పట్టణములో కిరాణా వర్తకుడు. ఇంటర్మీడియెట్ ముగించిన కుమారుడు బెంగుళూరులోని క్రైస్ట్ విశ్వవిద్యాలయమున బి.బి.ఏ., అనగా వ్యాపార నిర్వహణ పట్టము, చదువుదునని పట్టుపట్టెనట. "మా నాన్న ఏ డిగ్రీ లేకుండానే కొట్టు నడిపాడండీ. నేనూ నడుపుతున్నాను. లక్షలు పోసి వీడు కొత్తగా నేర్చుకునేదేమిటి? పైగా అది ఫాదర్ల కాలేజీ. మతం మాటేమిటి?" అని ఆయన మమ్ము అడిగిరి. ఇట్టి సందేహము గల తలిదండ్రులు మరికొందరును ఉండవచ్చును. కనుక ఆయనకు చెప్పినదే శ్రోతలకును మనవి చేయుచున్నాము.

వ్యాపారము విశ్వవిద్యాలయమున చెప్పదగిన చదువేనా అను సందేహము పాతదే. 1881లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున జోసెఫ్ వార్టన్ అను లోహ పరిశ్రమాధిపతి లక్ష డాలర్లు దానమిచ్చి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో వ్యాపార విద్యాశాఖను నెలకొల్పించెను. విశ్వవిద్యాలయములలో ఈ విద్యకు అదియే ఆది యని చెప్పుదురు. వార్టన్ క్వేకర్లను క్రైస్తవ శాఖవారి యింట పుట్టినవాడు. బేరమాడుట అబద్ధమునకు దారితీయునని తలచి, సరుకునకు ఒకే ధర చెప్పి అమ్ముట ఆ శాఖ వర్తకుల ఆచారము.

అంతకు దాదాపు నాలుగు శతాబ్దుల పూర్వమే, 1494లో, లూకా పచోలీ అను ఫ్రాన్సిస్కన్ సన్యాసి వెనిస్ నగరమున ఒక గణిత గ్రంథమును అచ్చు వేయించెను. అందు జంటపద్దు విధానమును విపులముగా వివరించెను. ఆ విధానమును ఆయన కనిపెట్టలేదు. వెనిస్ వర్తకులు అప్పటికే దానిని వాడుచుండిరి. లెక్కల పుస్తకమును దేవుని పేరుతో ఆరంభింపుమని ఆయన చెప్పిన మాట గమనింపదగినది. మన వర్తకులు చిట్టా మొదటి పుటపై "శ్రీ" వ్రాయుట వంటిదే అదియును. కావున లెక్కకును భక్తికిని చుట్టరికము నేటిది కాదు.

ఇక మన దేశపు మాట. 1831లో కేరళలోని మాన్నానమున ఆరంభమైన సి.ఎం.ఐ. అను కేథలిక్ సంఘమువారు 1969లో బెంగుళూరున క్రైస్ట్ కళాశాలను స్థాపించిరి. ఆ సంఘ స్థాపకులలో ఒకరైన కురియాకోస్ ఎలియాస్ చావరా 1846లో మాన్నానమున సంస్కృత పాఠశాల తెరచినవారు. 2014లో పోపు ఆయనను పునీతునిగా ప్రకటించిరి. కళాశాలకు 2004లో స్వయంప్రతిపత్తియు, 2008లో విశ్వవిద్యాలయ హోదాయు లభించినవి. "శ్రేష్ఠత, సేవ" అనునవి అక్కడి ఆదర్శ పదములు. సామాజిక సేవకై ప్రత్యేకముగా ఒక కేంద్రము కూడ కలదు.

మతమును గూర్చి ఆ తండ్రికి మేము చెప్పిన సమాధానము ఇది. తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కును రాజ్యాంగము 30వ అధికరణము మైనారిటీలకు ఇచ్చినది. అట్లే ప్రభుత్వ గుర్తింపుగాని, ధనసహాయముగాని పొందిన సంస్థలో చదువు ఎవ్వరినైనను, వారి సమ్మతి లేక, వారు మైనరులైనచో సంరక్షకుని సమ్మతి లేక, మతబోధకుగాని ప్రార్థనకుగాని హాజరు కావలెనని నిర్బంధింపరాదని 28వ అధికరణము చెప్పుచున్నది. పరమతముల పిల్లలు అక్కడ ఎందరో చదువుచున్నారు.

మరి చదువులో ఏముండును? బి.కాం. ప్రధానముగా లెక్కలు, తనిఖీ, పన్నుల వైపు నడుపును. బి.బి.ఏ. ఆ లెక్కలను చూచి నిర్ణయము చేయుట నేర్పును. గణకశాస్త్రము, అర్థశాస్త్రము, గణాంకములు, విపణి, సిబ్బంది నిర్వహణ, వ్యాపార చట్టములు ఇందలి ముఖ్య విషయములు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో ప్రకటించిన చట్రము ప్రకారము మూడేండ్ల పట్టమునకు 120 క్రెడిట్లు, నాలుగేండ్ల ఆనర్సు పట్టమునకు 160 క్రెడిట్లు కనీసము కావలెను. తరగతి బోధనలో పదునైదు గంటలు ఒక క్రెడిట్టు. 2024–25 విద్యా సంవత్సరము నుండి బి.బి.ఏ. చదువులు అఖిల భారత సాంకేతిక విద్యామండలి పరిధిలోనికి వచ్చినవి. కనుక ఏ కళాశాలలో చేర్చదలచినను ఆ మండలి ఆమోదము కలదా యని విచారించుట మంచిది.

అంగడి నేర్పనిది ఈ చదువు నేర్పునా? ఒక చిన్న లెక్క చూతము. నూరు రూపాయలకు కొన్న సరుకును నూటపదికి అమ్మినచో పది రూపాయలు లాభమనుకొందుము. నూటికి ఏడాదికి పన్నెండు వడ్డీకి తెచ్చిన సొమ్ముతో కొన్న ఆ సరుకు ఏడాది కాలము బీరువాలో నిలిచిపోయినచో, మిగిలినది లాభము కాదు, రెండు రూపాయల నష్టము. అనుభవజ్ఞుడైన వర్తకునికి ఇది లీలగా తెలియును. చదివినవాడు కాగితముపై పెట్టి చూపగలడు.

అయితే కాగితముపై ఏదైనను పెట్టవచ్చును. 2009 జనవరి 7వ తేదీన హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు, లేని నగదును 5,040 కోట్ల రూపాయల మేరకు తమ లెక్కలలో చూపినట్లు లేఖ మూలమున ఒప్పుకొనెను. అది చదువు లేనివారు నడపిన సంస్థ కాదు. ఆనాడు వేలాది తెలుగు కుటుంబములు తమ బిడ్డల ఉద్యోగములను గూర్చి కలతపడినవి. నీతిని ఒక పరీక్ష పత్రముగా పెట్టి మార్కులు వేసినంత మాత్రమున ఈ వ్యాధి కుదరదు. అది లెక్కల తరగతిలోనే, జమకు ఎదురుగా ఖర్చు వ్రాయునపుడే, నేర్పవలెను. క్రైస్తవ విశ్వవిద్యాలయమైనను, మరి యే విద్యాలయమైనను, ఆ పని చేసిననే దాని ఆదర్శ వాక్యమునకు విలువ.

మేమిట్లు చెప్పిన మీదట ఆ వర్తకుడు కుమారుని బెంగుళూరు పంపెను. దసరా సెలవులలో కుర్రవాడు ఇంటికి వచ్చి, తెలిసిన దుకాణము ఒక నెల లెక్కలను జంటపద్దు విధానమున వ్రాసి తెమ్మని ఉపాధ్యాయుడు చెప్పినాడని తండ్రిని పుస్తకమడిగెనట. తండ్రి కొంచెముసేపు మాటాడలేదట. పుస్తకములు రెండు: కంప్యూటరులో పన్నువారికి చూపునది ఒకటి, గల్లాపెట్టె క్రింద ఎర్ర అట్టలో ఉండునది మరొకటి. పేరు చెప్పమని మాచే మాట తీసికొని ఆయనే ఈ సంగతి మాతో చెప్పిరి.

"చివరికి ఎర్ర పుస్తకమే ఇచ్చానండీ. తప్పుడు లెక్క ఇస్తే వాడి చదువే తప్పవుతుందనిపించింది. వాడు రాత్రంతా కూర్చుని రాశాడు. పొద్దున్నే, రెండోది ఎందుకు నాన్నా అన్నాడు. నా దగ్గర జవాబు లేకపోయింది."

"మరి ఇప్పుడేమి చేయుదురు?" అని మేమడిగితిమి.

"ఏప్రిల్ నుంచి ఒకటే పెడదామనుకుంటున్నానండీ. పన్ను పెరుగుతుంది. వాడి ఫీజుకు తోడు అదొకటి."

ఆ మాట చెప్పునపుడు ఆయన నవ్వలేదు. ఫీజు భారము, బ్యాంకు అప్పు, ఉద్యోగావకాశము, ఇవన్నియు తలిదండ్రులు చక్కగా విచారింపవలసినవే. వానితోపాటు మరొకటి కూడ అడుగుడు: ఈ కళాశాలలో చదివిన మా బిడ్డ ఇంటికి వచ్చి మా పుస్తకములు చూడగోరినచో, మేము చూపగలమా? ఆ ప్రశ్నను ఇంటిదాక తెచ్చిన చదువును మేము వృథా యని అనజాలము.