ఫ్రీమాంట్‌లో ఇల్లు, ఇక్కడ బోదె

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "అమెరికా జీవితం గురించి ఓ పావుగంట మాట్లాడండి" అన్నారు. ఆయ్, అలాగేనండి అనేశాను. ఫోన్ పెట్టేశాక భయం వేసింది. అమెరికా అంతా నాకేం తెలుసు? ఆ మాటకొస్తే మన కోనసీమే పూర్తిగా తెలీదు. సఖినేటిపల్లి వైపు నేను వెళ్ళింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అమెరికాలో నాకు తెలిసింది ఒక్క ఊరు, ఫ్రీమాంట్. ఇరవై నాలుగేళ్ళుగా అక్కడే ఉంటున్నాను. అది మహానగరమూ కాదు, పల్లెటూరూ కాదు. పెద్ద నగరాల పక్కన, వాటి నీడలో పెరిగిన మధ్యరకం ఊరు. అలాంటి ఊళ్ళో బతకడం ఎలా ఉంటుందో చెబుతాను. 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రం అయినప్పటినుంచి మన అమలాపురం కూడా ఆ దారే పట్టినట్టు నాకు కనిపిస్తోంది. అందుకని ఈ మాటలు మీకు కాస్త పనికిరావచ్చు.

ఫ్రీమాంట్ కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు గట్టున ఉంది. 1956 జనవరి 23న సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే ఐదు ఊళ్ళు కలిసి ఒకే నగరం అయ్యాయి. అంటే మన ఈదరపల్లి, భట్నవిల్లి, ఇందుపల్లి, పేరూరు, బండారులంక కలిపేసి ఎవరికీ తెలియని ఓ కొత్త పేరు పెట్టినట్టన్నమాట. 1960 లెక్కల్లో జనాభా 44 వేల లోపు. 2020 నాటికి 2 లక్షల 30 వేలు. అప్పట్లో అక్కడంతా ఆప్రికాట్ తోటలు, చెర్రీ తోటలు, కూరగాయల మళ్ళు. 1960లలో జనరల్ మోటార్స్ కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. అది మూతపడ్డాక 1984లో టయోటాతో కలిసి మళ్ళీ తెరిచారు, 2010లో అదీ మూతపడింది. ఇప్పుడు ఆ షెడ్లలోనే టెస్లా కార్లు తయారవుతున్నాయి. తోటలు మాత్రం మళ్ళీ రాలేదు. అక్కడి వీధులకి ఆ చెట్ల పేర్లు పెట్టుకున్నారు.

ఇక బతుకు సంగతి. ఆ ఊరికి సెంటర్ లేదండి. ఇక్కడ గడియార స్తంభం అంటే చాలు, ఎవరైనా వచ్చి నిలబడతారు. అక్కడ పాత ఐదు ఊళ్ళ సెంటర్లు ఐదూ అలాగే ఉన్నాయి గాని, కలిసిన ఊరికి నడిబొడ్డంటూ ఒకటి లేదు. పుట్టిన అరవై ఏళ్ళకి ఇప్పుడు కట్టుకుంటున్నారు. ఊరికి వయసొచ్చాక గుండె పెట్టించుకున్నట్టుంటుంది చూస్తే.

ఇళ్ళు బాగుంటాయి. రోడ్లు శుభ్రం. రాత్రి పదింటికి ఆడవాళ్ళు ఒంటరిగా నడిచి వస్తారు. పిల్లలకి మంచి బళ్ళు, వీధి వీధికీ పార్కు, పుస్తకాలు ఎన్ని తెచ్చుకున్నా ఏమీ అనని లైబ్రరీ. ఇవన్నీ అనుభవించి ఇక్కడికొచ్చి ఆ ఊరిని తిట్టడం నాకు చేతకాదు. కానీ మనిషి కనపడడు. గరాజు తలుపు పైకి లేస్తుంది, కారు లోపలికి వెళ్తుంది, తలుపు దిగుతుంది. ఆ ఇంట్లో మనుషులున్నారన్న గుర్తు అంతే. మా ఎదురింటాయన పేరు నాకు తెలియడానికి రెండేళ్ళు పట్టింది. అది కూడా వాళ్ళింటికి అంబులెన్స్ వచ్చిన రోజున.

2009లో మా అమ్మ వచ్చి ఆరు నెలలు ఉంది. మొదటి వారం పొద్దున్నే వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేది. మూడో రోజు అడిగింది: "ఒరే, ఇంత డబ్బు పోసి ఇల్లు కట్టుకుని అరుగు కట్టుకోలేదేంరా వీళ్ళు?" నేను నవ్వేశాను. జవాబు లేక నవ్వానని ఇప్పుడు తెలుస్తోంది. తర్వాత సాయంత్రాలు ఊళ్ళో ఉన్న చెరువు దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి. అక్కడ ఒక అఫ్గన్ ముసలావిడ పరిచయమైంది. మా ఊళ్ళో అఫ్గన్లు చాలామంది ఉన్నారు, సెంటర్‌విల్‌లో ఒక భాగాన్ని చిన్న కాబూల్ అనే పిలుస్తారు. ఈవిడకి తెలుగు తప్ప రాదు, ఆవిడకి వాళ్ళ భాష తప్ప రాదు. ఇద్దరికీ కలిసిన మాట చాయ్ ఒక్కటే. రోజూ ఒకే బెంచీ మీద గంటసేపు కూర్చునేవారు. తిరిగొచ్చే ముందు రోజు మా అమ్మ ఆవిడకి ఒక కొబ్బరి చిప్పల డబ్బా ఇచ్చి ఏడ్చింది. ఆ ఊళ్ళో నాకు పదేళ్ళలో దొరకని స్నేహం మా అమ్మకి ఆరు నెలల్లో దొరికింది. తప్పు ఊరిదా నాదా అని అప్పుడప్పుడు అనుకుంటాను.

సరే, ఇప్పుడు నా వృత్తి దగ్గరికి వస్తాను. కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివాను. అప్పటికి ఎదుర్లంక వంతెన లేదు. శనివారం వస్తే పంటు కోసం యానాం రేవులో ఎండలో నిలబడి, సోమవారం మళ్ళీ ఇటునుంచి అటు. ఇప్పుడు నేను చేసే పని కొత్త కాలనీల్లో వాననీరు ఎటు పోవాలో లెక్కకట్టి కాలవలు, తూములు గీయడం. సింపుల్‌గా చెప్పాలంటే మురుగు కాలవల ఇంజనీరుని. మా అబ్బాయి దీన్ని ఇంగ్లీషులో గొప్పగా చెబుతాడు గాని, పని ఇదే.

ఎనిమిదో తరగతిలో మా సోషల్ మాస్టారు గోదావరి డెల్టా పటం గీసుకు రమ్మన్నారు. నేను ధవళేశ్వరం ఆనకట్ట పెట్టి, 1852 అని రాసి, కాలవలన్నీ నీలం రంగుతో దిద్ది పట్టుకెళ్ళాను. మాస్టారు చూసి, "నీళ్ళు తెచ్చావు సరే, మురుగు కాలవలేవిరా?" అని రెండు మార్కులు తీసేశారు. ఆ రెండు మార్కుల కోపం చాలాకాలం ఉంది నాకు. మాస్టారు ఇప్పుడు లేరు. నేను ఏ పనిలో స్థిరపడ్డానో ఆయనకి చెప్పే అవకాశం రాలేదు.

ఫ్రీమాంట్‌లో మా ఇంటి వెనక ఒక పాత పూలమొక్కల నర్సరీ ఉండేది. దాన్ని అమ్మేశారు, ఇళ్ళు కడతామని దరఖాస్తు పెట్టారు. అక్కడ చట్టం ప్రకారం అలాంటప్పుడు 300 అడుగుల లోపు ఇళ్ళున్న వాళ్ళందరికీ ఉత్తరం రావాలి. నాకూ వచ్చింది. సభకి వెళ్ళాను. మనిషికి మూడేసి నిమిషాలు మాట్లాడనిచ్చారు. నిజం చెప్పాలంటే అందరం స్వార్థంతోనే మాట్లాడాం. మా వీధికి కార్లు పెరుగుతాయి, మా కిటికీకి ఎండ తగ్గుతుంది అని. ఇలా అడ్డం పడీ పడీ ఆ ప్రాంతంలో కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు ఇల్లు కొనలేని పరిస్థితి తెచ్చుకున్నాం. అది మా ఊరి పాపం, దాచను. కానీ ఆ సభలో ఒక్క విషయం మీద ఎవరూ గొంతెత్తక్కర లేకపోయింది: వాన నీరు. ఆ స్థలంలో ఇళ్ళు లేనప్పుడు ఎంత నీరు ఎంతసేపట్లో బయటికి వచ్చేది, ఇళ్ళు కట్టాక ఎంత వస్తుంది, పెరిగిన నీటిని ఎక్కడ ఆపుతారు, ఇవన్నీ లెక్కలతో సహా కాగితం మీద ఉన్నాయి. అవి లేకపోతే అనుమతి లేదు.

భూమి లోపలి నీళ్ళకీ అంతే శ్రద్ధ. 1920లలోనే అక్కడ బావుల్లోకి అఖాతం ఉప్పునీరు ఎక్కడం కనిపెట్టారు. తోటలకి తోడేసిన కొద్దీ ఉప్పు లోపలికి వచ్చింది. ఇప్పుడు అలమెడా వాగు మీద గాలి నింపితే లేచే రబ్బరు ఆనకట్టలు వేసి, ఆ నీటిని పాత కంకర గోతుల్లోకి మళ్ళించి, భూమిలోకి ఇంకిస్తారు. ఆ గోతులే ఇప్పుడు క్వారీ లేక్స్ అని మేం ఆదివారాలు షికారుకు వెళ్ళే చెరువులు. అక్కడ నిలబడినప్పుడల్లా మన సముద్రతీరపు ఊళ్ళలో బోర్లు ఉప్పెక్కడం గుర్తొస్తుంది. అక్కడికీ ఇక్కడికీ ఉప్పు రుచి ఒకటే.

ఇంతవరకూ గొప్పలు చెప్పుకున్నాను. ఇప్పుడు నా బండారం కూడా చెబుతాను.

నాన్నగారు పోయి రెండేళ్ళయింది. అంబాజీపేట దారిలో మాకు ఎనభై సెంట్ల కొబ్బరి తోట ఉంది. ఆయన ఉన్నన్నాళ్ళూ దింపు తీయించడం, వలుపు చేయించడం ఆయనే చూసుకునేవారు. నేనక్కడ, చెల్లెలు హైదరాబాదులో. దింపు వాళ్ళు దొరకరు, దొరికినా కాయ ధర కూలీకి చాలదు. జిల్లా అయ్యాక ఆ వైపు సెంటు రేటు విని నాకే తల తిరిగింది. లేఅవుట్ వేస్తామని ఒకాయన వచ్చారు. పోయిన వేసవిలో పది రోజుల సెలవులో వచ్చి అగ్రిమెంటు మీద సంతకం చేసి, బయానా తీసుకుని వెళ్ళిపోయాను.

ఆ తోట మధ్యలోంచి ఒక మురుగు బోదె పోతుంది. ఎగువన పదకొండు ఎకరాల వరి చేలల్లో నిలిచిన నీరు దానిలోంచే డ్రైనులోకి దిగుతుంది. ప్లాన్‌లో బోదె లేదు. అడిగితే, "రోడ్డు కింద తొమ్మిది అంగుళాల పైపు వేస్తామండి" అన్నారు. నేను తలూపాను. ఇరవై ఏళ్ళుగా తూముల లెక్కలు కట్టి జీతం తీసుకుంటున్నవాణ్ణి, తలూపాను!

ఈ సంక్రాంతికి వచ్చినప్పుడు తోట చూద్దామని వెళ్తే ఎగువ చేను రైతు గట్టు మీద కనిపించాడు. మా నాన్నగారిని బాబాయ్ అని పిలిచేవాడు. "ఏం తమ్ముడూ, మెరక చేసేస్తున్నారంట గదా" అన్నాడు. అవునన్నాను. "మరి మా నీళ్ళెటు పోతాయి?" అన్నాడు. కోపంగా కాదు. దారి అడిగినట్టు అడిగాడు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. బోదె మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. ఆరు చదరపు అడుగులు. తొమ్మిది అంగుళాల పైపు అర చదరపు అడుగు కూడా లేదు. బోదెలో పదమూడో వంతు. అందులో ఓ కొబ్బరి డొక్క అడ్డం పడితే అదీ లేదు. మన నేల వాలు మీకు తెలుసు, ఉందా లేదా అన్నట్టుంటుంది. సముద్రం పోటు మీదుంటే డ్రైన్లు నీళ్ళు తీసుకోవు. 1996 నవంబరు తుపాను చూసినవాళ్ళు ఇక్కడ సగంమంది ఉన్నారు. 2011లో మన రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన బాధల్లో గిట్టుబాటు ధరతో పాటు ముంపు కూడా ఉంది. కౌశిక, వాసాలతిప్ప, కూనవరం అని డ్రైన్ల పేర్లు పేపర్లో చదివి వదిలేస్తాం. కనుమ నాడు గంగలకుర్రు ప్రభల్ని కౌశిక నీళ్ళలో దింపి అవతలికి మోసుకెళ్తుంటే చేతులెత్తి దణ్ణం పెడతాం. ఆ కౌశికలోకి దిగాల్సిన బోదెల్ని మాత్రం నాలాంటి వాళ్ళం ఒక్కొక్కటీ పూడ్చుకుంటూ వస్తున్నాం. ఒక్కో లేఅవుట్‌కీ ఒక్కో పైపు. ఎవరికి వారికి తమది చిన్న బోదే.

ఫ్రీమాంట్‌లో నా ఇంటి పక్క ఏం కట్టినా నాకు ఉత్తరం వస్తుంది. నా తోటలో ఏం కడుతున్నానో పక్క చేను అతనికి నేను చెప్పలేదు. రూలు లేదా అంటే రూళ్ళు ఇక్కడా ఉన్నాయి. నేను అడగలేదు, నన్ను ఎవరూ అడగలేదు. అరుగు మీద కూర్చునే ఊరు గనక కబురు దానంతటదే వెళ్తుందనుకున్నానేమో. కబురు వెళ్ళింది, నీళ్ళకే దారి లేకుండా పోయింది.

కొన్నాయనతో మాట్లాడాను. బోదె అలాగే ఉంచి, దాని పక్కన మనిషి నడిచే గట్టు వదిలి ప్లాన్ మార్చమన్నాను. రెండు ప్లాట్లు పోతాయి, ఆ డబ్బు మీరే తగ్గించుకోండి అన్నారు. ఆయన లెక్క ఆయనది, తప్పుపట్టను. మా చెల్లెలు ఫోన్లో, "అన్నయ్యా, అమెరికా నుంచి వచ్చి అందరికీ నీతులు చెబుతావు, నా వాటా ఎందుకు తగ్గాలి?" అంది. అదీ నిజమే. దాని వాటా తగ్గకుండా నా వాటాలోంచి ఇస్తానన్నాను. ఇంట్లో మా ఆవిడతో ఇంకా చెప్పలేదు. ఆవిడ ఇప్పుడు నాలుగో వరసలో కూర్చుని ఉంది, కాబట్టి చెప్పినట్టే అయింది.

ఇప్పుడు నాకో సాయం కావాలి. తోటని మెరక చేస్తే ఎగువ చేలల్లో నీరు ఎంత ఎత్తున నిలుస్తుందో తేల్చాలంటే బోదె మొదటినుంచి డ్రైను దాకా లెవెల్స్ తీయాలి. అక్కడి వానల లెక్క నాకు నోటికొచ్చు. ఇక్కడి నేల గురించి ఇరిగేషన్‌లో, డ్రైనేజీలో చేసి రిటైరైన మన పూర్వ విద్యార్థులకి తెలిసినంత నాకు తెలియదు. అలాంటి వాళ్ళు ఈ సభలో ముగ్గురో నలుగురో ఉన్నారని చూస్తే తెలుస్తోంది. సోమవారం పొద్దున్న ఆరున్నరకి, ఎండెక్కకముందే తోట దగ్గరుంటాను. ఎగువ చేను రైతు కూడా వస్తానన్నాడు. లెవెల్ పరికరం అద్దెకి తెచ్చాను, స్టాఫ్ పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. టిఫిన్ నాది.