పికప్ బండికి క్రొత్త బ్యాటరీ



తెల్లవాఱుజామునఁ గూరగాయల గంపలను సంతకుఁ జేర్పవలసిన పికప్ బండి, తాళముచెవి త్రిప్పఁగా ‘టిక్కు’ మని యూరకున్నచో, కలుగు నష్టము బండితో నాఁగదు. వేళ దాఁటిన సరకు వాడిపోవును, వెల పడిపోవును. యజమానుఁడు తత్తరపడి తొలుతఁ గనఁబడిన దుకాణములో బ్యాటరీని గొనును. మఱునెలలో నదియు మూఁగవోవును. వైద్యుఁడు ఔషధమునకు ముందు నిదానమును జూచును గదా! మనమును బ్యాటరీని మార్చుటకు ముందు రోగ మెచ్చట నున్నదో తెలిసికొనవలయును.

సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశీయుఁడగు గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. నేఁటి 12 వోల్టుల పెట్టెలో నాఱు గదులుండును. ఒక్కొక్క గదిలో సీసపు పలకలు నీరు కలిపిన గంధకామ్లమున మునిఁగియుండును. బండిని కొన్ని గంటలు నిలిపి మీటరుతోఁ జూచినచో, నిండుబలము గల బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. 12.2 చూపినచో బలము సగము తఱిఁగినదని గ్రహింపవలెను. పిదప ఇంజను నడుచుచుండఁగా మరలఁ జూడుఁడు. సాధారణముగా 13.8 మొదలు 14.4 వఱకు నుండును. మిక్కిలి తక్కువయైనచో, దోషము విద్యుత్తును బుట్టించు ఆల్టర్నేటరుదో, దానిని ద్రిప్పు బెల్టుదో కావచ్చును. దానిని బాగుచేయనిచోఁ గ్రొత్త బ్యాటరీయు వట్టిపోవును. ఒక్కొక్కప్పుడు ధ్రువములపైఁ బేరుకొన్న చిలుమును దుడిచి నట్టు బిగించిన మాత్రముననే బండి కదలును.

బ్యాటరీయే నిస్సారమని తేలినచో, కొనునప్పుడు నాలుగు సంగతులు చూడవలయును: బండి పుస్తకములోఁ జెప్పిన యాంపియర్-అవర్ల పరిమాణము, పెట్టె కొలత, ధనధ్రువ మున్న వైపు, తయారైన నెల. డీజిల్ ఇంజనును ద్రిప్పుటకుఁ బెట్రోలు ఇంజనుకంటె నెక్కువ బలము కావలెను. చౌకయని చిన్నదానిని గొనరాదు. ధ్రువము వేఱువైపున నున్నచోఁ దీఁగ యందదు. ఎండ బ్యాటరీ యాయువును హరించును. దుకాణములోఁ జిరకాలము పడియున్నదియు బలహీనమగును.

ఇఁక మార్చు విధము. ఇంజను నాపి తాళముచెవిని దీయుఁడు. కన్నులకు అద్దములు, చేతులకుఁ దొడుగులు ధరింపుఁడు. విప్పునప్పుడు మొదట ఋణధ్రువము, పిదప ధనధ్రువము. బిగించునప్పుడు మొదట ధనధ్రువము, కడపట ఋణధ్రువము. ఈ క్రమమునకుఁ గారణము కలదు. బండి యినుపదేహ మంతయు ఋణధ్రువముతోఁ గలిసియుండును. ఆ తీఁగ యుండఁగా ధనధ్రువమును విప్పు పానా దేహమునకుఁ దగిలినచో నిప్పురవ్వలు లేచును. బ్యాటరీనుండి వెడలు ఉదజని యంటుకొని పెట్టె పగులవచ్చును. ఆమ్లము కన్నులఁ బడవచ్చును. కావున బీడీ, అగ్గిపుల్ల దరిఁ జేరరాదు. ఆమ్లము కంటఁ బడినచో వెంటనే చాలసేపు మంచినీటితోఁ గడిగి, వైద్యునియొద్దకుఁ బోవలయును. తీఁగలు బిగించుటకు ముందే పెట్టె కదలకుండఁ బట్టీ వేయుట మఱవకుఁడు. కుదుపులకుఁ బలకలు చెడును.

చివరిమాట పాత బ్యాటరీని గూర్చి. దానిని బ్రద్దలుకొట్టి పెరటిలో సీసము కరఁగించువారు కలరు. ఆ పొగయు ధూళియుఁ బసిపిల్లల మెదడును జెఱచును. పోయిన బుద్ధిని ఏ బడియుఁ దిరిగి యీయఁజాలదు. 2022లో భారత ప్రభుత్వము చేసిన నియమములు వాడిన బ్యాటరీలను సేకరింపించు బాధ్యతను ఉత్పత్తిదారులపై నుంచినవి. పాతదానిని దుకాణములో నిచ్చి, క్రొత్తదాని వెలలోఁ దగ్గింపు నడుగుఁడు. లాభమును ధర్మమును నొక్కచోటనే దొరకును.