ఖాళీ గళ్ళ లెక్క
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



గుమాస్తాగా ముప్పై నాలుగేళ్ళు రిజిస్టర్లు రాసినవాణ్ణి. పోలికలున్న వారిని ఒక గుంపుగా చేర్చడాన్ని గణాంకశాస్త్రంలో క్లస్టరింగ్ అంటారు. కొన్ని గళ్ళు ఖాళీగా ఉంటే ఆ గుంపులు కట్టడమెలా అన్నదే నేటి విషయం.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, 2023లో కన్నుమూసిన సి.ఆర్.రావు గారు 1946లో కేంబ్రిడ్జి వెళ్ళి, సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలపై పనిచేశారు. పగిలిన పుర్రెకు అన్ని కొలతలూ ఎక్కడ దొరుకుతాయి? పైకొలతలను బట్టి లోపలి పరిమాణం అంచనా వేసే సూత్రంపై 1948లో మరొకరితో కలిసి వ్యాసం ప్రచురించారు. చెక్కుచెదరని పుర్రెలే చాలునంటే వచ్చే చిక్కేమిటి? పెద్దవే ఎక్కువగా పగిలి ఉంటే, మిగిలినవాటి సగటు తగ్గిపోతుంది.

1971లో గోవర్ అనే శాస్త్రజ్ఞుడు మరో దారి చూపాడు. ఇద్దరికీ తెలిసిన గళ్ళనే పోల్చాలి. ఐదింట మూడే ఇద్దరికీ ఉండి, రెండు కలిస్తే పోలిక 2/3. ఖాళీని 'కలవలేదు' అనుకుంటే 2/5కు పడిపోతుంది. అయితే ఖాళీ ఎందుకు ఏర్పడిందో కూడా చూడాలని 1976లో రూబిన్ చెప్పాడు.

ఇది మన సంగతే. కేంద్ర పెన్షనర్లకు, కుటుంబ పెన్షనర్లకు 80 నిండితే 20 శాతం అదనపు పెన్షన్. పాత పి.పి.ఓ.లు కొన్నింటిలో భార్య పుట్టిన తేదీ గడి ఖాళీ. 82 ఏళ్ళ తల్లికి సగటు చూసి 68 వేస్తే ఆమె చిన్నవారి గుంపులో పడుతుంది. ఖాళీ ఉన్న పేర్లు తీసేస్తే లెక్కలోనే ఉండదు. పుట్టిన తేదీ రాసిపెట్టే అలవాటు లేని కాలంలో పుట్టిన వృద్ధులవే ఆ ఖాళీలు ఎక్కువ. అంటే ఎవరికి సాయం ముందు అందాలో వారే జారిపోతారు. 'తెలియదు' వేరు, 'లేదు' వేరు. తెలియనివారిని విడిగా గుర్తించి విచారించడమే న్యాయం.

కనుక మిత్రులారా, ఇంటికి వెళ్ళగానే మీ పి.పి.ఓ. తీసి భార్య లేక భర్త పుట్టిన తేదీ ఉందో లేదో చూడండి. లేకుంటే వయసు ఆధారపత్రం జతచేసి, మనం ఉండగానే రాయించండి. తర్వాత ఆ కాగితం పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరగవలసింది వారే.