ఇద్దరు మనుషులు - ఒకటే కత్తి లెక్క!

(నాగల్‌గిద్దలో దళిత మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నాగల్‌గిద్ద అవ్వలారా, అక్కలారా, చెల్లెండ్లారా! వెనుక చెట్టు కింద నిలబడ్డ అన్నలారా, తమ్ముళ్లారా! మీరు కూడా ముందుకు రాండ్రి. ఇది మీరు కూడా వినవలసిన ముచ్చటే.

మేము పట్నం పోయి సమాజశాస్త్రం చదువుకున్న మాల, మాదిగ ఆడపిల్లలం. దాన్నే సోషియాలజీ అంటారు. ఇంటికి వచ్చినప్పుడల్లా వాడలో ఒకటే ప్రశ్న: "ఆ సదువుతోని ఏమొస్తదే బిడ్డా? టీచరమ్మవయితవా, నర్సమ్మవయితవా?" దానికి జవాబు చెప్పనీకే ఇయ్యాల వచ్చినం. 'స్త్రీవాద సిద్ధాంతం', 'సామాజిక అసమానత' అని కాలేజీలో పెద్ద పేర్లతో చెప్పే పాఠం మన చెల్కల్లో, మన పొయ్యి కాడ ఎట్లున్నదో చూద్దాం.

ముందు చెరుకు ముచ్చట. నారాయణఖేడ్ దిక్కు వాడలకు, తండాలకు చెరుకు నరకపోవుడు కొత్త కాదు. జహీరాబాద్ దిక్కు పోతరు, సరిహద్దు దాటి పోతరు. మహారాష్ట్రలో ఈ కూలీల లెక్క ఎట్లుంటదో వినుండ్రి. ఆలుమగలు ఇద్దరినీ కలిపి ఒక 'కోయ్తా' అంటరు. కోయ్తా అంటే కత్తి. ఇద్దరు మనుషులు, నాలుగు చేతులు - రాసుకునేది మాత్రం ఒక కత్తి! అడ్వాన్సు మొగని చేతికి. అప్పు తీర్చేది ఇద్దరి రెక్కలు. ఆమె తెల్లారకముందే లేచి రొట్టెలు చేస్తది, చెరుకు నరుకుతది, మోపు కడ్తది, నెత్తిన మోసి బండికెక్కిస్తది, పొద్దూకి మళ్లీ పొయ్యి ముట్టిస్తది. ఇంత చేసినా కూలి పట్టీలో ఆమెకు పేరు లేదు.

ఒక్క నాగా పడ్డా జుర్మానా. మరి నెలసరి వస్తే? కడుపునొప్పి వస్తే? బీడ్ జిల్లాలో ఏమైందో 2019లో బయటపడ్డది. సర్కారు వేసిన కమిటీ 82 వేల చిల్లర మంది చెరుకు కూలి ఆడవాళ్లను అడిగితే, 13 వేలకు పైగా మందికి గర్భసంచి తీసేసి ఉన్నది! పని ఆగొద్దని పేగు కోసుకున్న బతుకు ఇది.

ఇప్పుడు మేము అడుగుతున్నం. ఇది పేదరికమా? కులమా? ఆడపుట్టుక పుట్టినందుకు వచ్చిన గోసా?

మేము చదువుకున్న క్లాసులో ఈ మూడు మూడు వేరు పాఠాలు. కులం పాఠంలో దళితుడంటే మగవాడే. స్త్రీల పాఠంలో స్త్రీ అంటే నాలుగు గోడల మధ్య ఉన్న పెద్దకులం ఇల్లాలే. గడప దాటి పనికి పోవుడే స్వేచ్ఛ అని ఆ పాఠం చెప్పింది. మన అవ్వ గడప దాటని పొద్దు ఎన్నడున్నది? రెండు పాఠాలూ చదివినం, రెండింటిలోనూ మా అవ్వ కనపడలేదు.

ఈ గోస మన ఒక్కరిదే కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ అనే కార్ల కంపెనీ మీద ఐదుగురు నల్లజాతి ఆడవాళ్లు కోర్టుకు పోయిండ్రు. 1976లో కోర్టు ఏమన్నది? 'కంపెనీ ఆడవాళ్లను తీసుకున్నది, కాబట్టి ఆడవాళ్ల మీద వివక్ష లేద'న్నది. ఆ తీసుకున్నది తెల్ల ఆడవాళ్లను! నల్లవాళ్లుగా మీకున్న ఫిర్యాదు వేరే చూసుకోండన్నది. ఫ్యాక్టరీలో ఉన్న నల్లవాళ్లు మగవాళ్లు! రెండూ కలిపి అడిగే హక్కు లేదన్నది. నల్ల ఆడమనిషి రెండు లెక్కల నడుమ జారి పడిపోయింది. కింబర్లే క్రెన్షా అనే నల్లజాతి న్యాయశాస్త్ర పండితురాలు 1989లో ఈ కేసునే ముందర పెట్టి కొత్త సిద్ధాంతం చెప్పింది. చౌరస్తా నడుమ నిలబడ్డ మనిషికి అన్ని దిక్కుల నుంచీ దెబ్బ తగులుతది, ఒక్క తొవ్వనే చూస్తే ఆ దెబ్బ అర్థం కాదన్నది. చెరుకు తోటలో మన అక్క నిలబడ్డది గా చౌరస్తాలోనే!

మన దేశంలో ఈ చూపు ఎవరిచ్చిండ్రు? 1916 మే 9న, న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీలో, 25 ఏండ్ల అంబేద్కర్ ఒక వ్యాసం చదివిండు. కులంలోనే పెండ్లి చేసుకోవడం మీద కులం నిలబడ్డదన్నడు. అది నిలబడాలంటే ఆడదాన్ని కట్టడి చేయాలె. సతి, విధవకు మారుమనువు లేకుండా చేయడం, పసిపిల్లల పెండ్లి అందుకే వచ్చినయని విప్పి చెప్పిండు. చరిత్రకారిణి ఉమా చక్రవర్తి 1993లో దీనికి 'బ్రాహ్మణీయ పితృస్వామ్యం' అని పేరు పెట్టి రాసింది. ఈ వ్యవస్థే పెద్దకులం ఆడదాన్ని ఇంట్లో బంధిస్తది, మన ఆడబిడ్డను జోగిని చేసి ఊరి మీదికి వదులుతది. జోగినిని నిషేధిస్తూ 1988లో చట్టం తేవలసి వచ్చింది. 2018లో మిర్యాలగూడలో ప్రణయ్‌ను నరికి చంపించింది కూడా ఈ వ్యవస్థే. కులం కాపలా ఆడదాని మీదనే నడుస్తున్నదని ఇంకెవరు రుజువు చేయాలె?

సిద్ధాంతం మనకు చేతకాదనే వాళ్లకు ఇంకో ముచ్చట. మన దేశంలో మొదటి సోషియాలజీ డిపార్ట్‌మెంట్ 1919లో బొంబాయి యూనివర్సిటీలో వచ్చింది. అంతకు 64 ఏండ్ల ముందు, 1855లో, ఫూలే దంపతుల బడిలో చదివిన 14 ఏండ్ల మాంగ్ పిల్ల ముక్తాబాయి, మాంగ్, మహార్ల దుఃఖం మీద వ్యాసం రాసింది. తల మీద కప్పు లేకుండా కాన్పయ్యే మన ఆడవాళ్ల బాధను రాసింది. కులాన్నీ ఆడదాని గోసనూ ఒక్కకాడ పెట్టి చూసింది ఆ పిల్ల!

అన్నలారా, తమ్ముళ్లారా! ఇప్పుడు మీ దిక్కు వస్తున్నం. కోపానికి రావద్దు. 1985లో కారంచేడులో చెరువు కాడ బిందె ఎత్తి ఎదురు నిలిచింది మున్నంగి సువార్త. దళిత ఉద్యమం అక్కడ నుంచి లేచింది. మన సభల్లో ఆమె పేరు ఎన్నిసార్లు విన్నం? ఇయ్యాల ఈ మీటింగుకు వంట చేసింది ఎవరు? కుర్చీల మీద కూసున్నది ఎవరు? కల్లు తాగి వచ్చి మన ఆడదాన్ని కొట్టే చెయ్యి, పొద్దుగాల జై భీమ్ అని లేస్తే అది ఏ అంబేద్కరిజం? ఈ మాట ఎత్తితే ఉద్యమం చీలుతదంటరు. ఉద్యమాన్ని చీల్చేది ఆ దెబ్బ. దెబ్బ తగిలిందని చెప్పిన నోరు కాదు.

దళిత స్త్రీలు వేరుగా ఎందుకు మాట్లాడుతున్నరో గోపాల్ గురు 1995లోనే రాసిండు. అగ్రకుల స్త్రీలు మన పేరు మీద మాట్లాడుతున్నరు, దళిత మగవాళ్లు మన గొంతు మీద కూసున్నరు, అందుకే మన మాట మనమే చెప్పుకోవాలన్నడు. మన తెలుగులో గోగు శ్యామల దళిత స్త్రీల రాతలను ఒక్కకాడికి తెచ్చి 2003లో 'నల్లపొద్దు' వేసింది. తొవ్వ పడ్డది. ఇగ నడవాలె.

ఫారాలు పట్టుకొని సర్వే వాళ్లు వస్తరు. ఎన్ని పూటలు తింటరని అడుగుతరు, రాసుకొని పోతరు. మన బతుకు వాళ్ల పుస్తకం అయితది, మనకు ఆ పుస్తకం రాదు. ఎన్నాళ్లు మనం జవాబులే చెప్పాలె? ప్రశ్నలు మనం ఎప్పుడు అడగాలె? ఇంటర్ పాసయి ఇంట్ల కూసున్న మన ఆడపిల్లకు పెండ్లి సంబంధం చూసే ముందు ఈ ప్రశ్న మిమ్ముల మీరు అడుగుండ్రి. ఆ పిల్ల చదువు ఆపితే, మన లెక్క మళ్లీ పరాయి వాళ్లే రాస్తరు.

అందుకే నాలుగు పనులు చేద్దాం.

ఒకటి: చెరుకుకు పోయినా, పత్తికి పోయినా ఆడమనిషి పేరు వేరుగా రాయాలె, ఆమె కూలి ఆమె చేతికే ఇవ్వాలె. అప్పటిదాకా అడ్వాన్సు ముట్టొద్దు.

రెండు: డిగ్రీ కాకముందు ఏ ఆడపిల్లకూ పెండ్లి మాట ఎత్తొద్దు.

మూడు: వచ్చే మీటింగుకు వంట అన్నలది, కుర్చీలు సగం అక్కలవి.

నాలుగు: ప్రతి వాడలో ఒక నోటుబుక్కు పెట్టుండ్రి. ఎవరు ఎన్ని దినాలు పనికి పోయిండ్రు, ఎంత వచ్చింది, ఎవరి చేతికి వచ్చింది, ఎవరికి ఏ రోగమొచ్చింది - అన్నీ రాయుండ్రి. రాయరాని అవ్వలు చెప్పాలె, సదువుకున్న బిడ్డలు రాయాలె.

"ఆ సదువుతోని ఏమొస్తద"ని అడిగిండ్రు గదా. గదే మా సదువు. ఇద్దరు మనుషులను ఒక కత్తి అని రాసిన లెక్కను కొట్టేసి, ఇద్దరు అని రాయడమే మా సదువు.

బోధించు! సమీకరించు! పోరాడు!

జై భీమ్! జై సావిత్రీబాయి!